నలపకూడని కాగితం

ప్రార్థన చేసి పంపిన పెట్టెలో గాజు పగలదని మా నాన్న నమ్మకం. సరిగ్గా సర్దకపోతే పగిలి తీరుతుందని నా వాదన. ఆ వాదన దుకాణంలో మొదలై, సాయంత్రం బస్సులో మాతోపాటు ఇంటికొచ్చి, అన్నం పళ్లేల ముందు కూడా మాతోనే కూర్చునేది. "మీ ఇద్దర్నీ ఒకే ఇంట్లో పడేసి దేవుడు నాతో ఆడుకుంటున్నాడు" అనేది అమ్మ.

మాది సికింద్రాబాదులో చర్చి సామాన్ల దుకాణం. నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. బైబిళ్లు, పాటల పుస్తకాలు, కానుకల సంచులు, పాస్టరు అయ్యగార్ల అంగీలు అమ్మేవాళ్లం. అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయేవి ప్రభురాత్రి భోజనపు గ్లాసులు. ఒక్కోటి బొటనవేలంత ఉంటుంది. ఆరాధనలో అందరికీ ద్రాక్షారసం అందులోనే ఇస్తారు. అవి ఉత్తరాది నుంచి పెద్ద పెట్టెల్లో వస్తే, అల్వాల్‌లో మా ఇంటి వెనక గదిలో దాచి, ఆర్డరు వచ్చినప్పుడు దుకాణంలో చిన్న చెక్కపెట్టెల్లో సర్ది కోస్తా జిల్లాలకు లారీ పార్సిల్లో పంపేవాళ్లం. నా డిగ్రీ అయ్యాక ప్యాకింగు పని నామీద పడింది. పడిందనడం అబద్ధం, నేనే లాక్కున్నాను.

లాక్కున్నానే గానీ పెత్తనం నాన్నదే. దేవుని బల్లమీదికెక్కే గ్లాసుకి దినపత్రిక తగలకూడదని ఆయన శాసనం. అందులో సినిమా బొమ్మలు, రాశిఫలాలు, హత్యలు ఉంటాయట. అందుకని దుకాణంలో అమ్ముడుపోకుండా మిగిలిన క్రైస్తవ మాసపత్రికల కాగితాలే వాడాలి. సరే, కాగితం ఏదైతేనేం అనుకుంటే, దానికి ఇంకో శాసనం. వాక్యం అచ్చయిన కాగితాన్ని నలపకూడదు! కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇల్లు మాది, ఇక ఉండలు చుట్టనిస్తారా? చక్కగా, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన పంచె మడతపెట్టినట్టు, ఆ నున్నటి కాగితాన్ని మడిచి గ్లాసుకి చుట్టాలి. అడుగునా పైనా వరిగడ్డి. చివర్న నాన్న పెట్టెమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి మేకులు కొట్టేవాడు.

చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేదో! లోపల మాత్రం గ్లాసుకీ గ్లాసుకీ మధ్య ఒట్టి పేజీ. గాజుని కాపాడేది కాగితం కాదండీ, నలిపిన కాగితం ముడతల్లో ఇరుక్కున్న గాలి. చదును చేస్తే గాలి ఎక్కడుంటుంది? ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పానో. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి ఏం చెప్తాం? గ్లాసులు పగిలాయని కబురొస్తే "లారీవాళ్లు విసిరేసి ఉంటారు" అనేవాడు. విసరకపోతే పూలదండ వేసి తీసుకెళ్తారా!

ఒక వానాకాలం, ఒక పల్లె నుంచి సంఘపెద్ద మా దుకాణానికి వచ్చాడు. నలిగిన తెల్లచొక్కా, చంకలో సంచి. "వందనాలండీ" అని కౌంటర్ మీద తువ్వాలు విప్పాడు. తువ్వాలు నిండా గాజు పెంకులు. మేం పంపిన పెట్టెలో సగానికి పైగా అలా అయ్యాయట. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

ఆయన చెప్పిందంతా విన్నాను. వాళ్ల వాడలో జనమంతా కూలి చేసుకునేవాళ్లే. తలా ఒక చెయ్యి వేసి, ఆదివారాలు పోగా మిగిలిన సాయంత్రాలన్నీ ఇటుకలు మోసి చర్చి కట్టుకున్నారు. అప్పటిదాకా ఆరాధన చింతచెట్టు కింద, గ్లాసులు పక్క ఊరి పెద్ద చర్చి వాళ్ల దగ్గర అరువు. ఇచ్చిన ప్రతిసారీ "లెక్క చూసుకొని ఇవ్వండి, కడిగి ఇవ్వండి, వేన్నీళ్లతో కడిగారా?" అని అడిగేవాళ్లట. తిరిగి తెచ్చి ఇచ్చాక వీళ్ల ముందే వాళ్లు మళ్లీ కడుక్కునేవాళ్లట.

"మా సొంత గ్లాసుల్లో ప్రభువు బల్ల తీసుకుందామని మా ముసలాళ్ల ఆశండి" అన్నాడు పెద్దాయన. "పైవారం చర్చి ప్రతిష్ఠ. ఆ రోజు కూడా అరువు గ్లాసులంటే, ఇంక కట్టుకొని ఏం లాభమండి?"

నాకు కోపం వచ్చింది. ఆ పక్క ఊరివాళ్ల మీద సగం, మా పెట్టె మీద సగం.

ఆయన చేతికే ఇచ్చి పంపుదామంటే దుకాణంలోనూ ఇంట్లోనూ సరుకు లేదు. కొత్త పెట్టెలు రావడానికి ఇంకా రోజులు పట్టేలా ఉంది. ఆయన ఆగలేడు, సున్నం పని దగ్గరుండి చేయించుకోవాలి. మళ్లీ లారీయే గతి. నాన్న పెద్దాయన చెయ్యి పట్టుకొని, "ఈసారి ఇంకా భారంగా ప్రార్థించి పంపుతాను" అన్నాడు.

"ప్రార్థన పోయినసారీ చేశారుగా నాన్నా" అన్నాను, పరాయి మనిషి ముందే. నాన్న నావైపు చూసిన చూపుకి గాజు కరిగిపోవాలి. నేను కరగలేదు.

ఆ మర్నాడు ఇంట్లోనే పరీక్ష పెట్టాను. అంచులు విరిగి అమ్మకానికి పనికిరాని గ్లాసులు ఒక బుట్టెడు ఉండేవి. వాటిని రకానికొక పెట్టెలో సర్ది మేడమెట్ల మీంచి దొర్లించడం నా ఆలోచన. వరిగడ్డి తియ్యబోతే వెనక గదిలో అది వానకి చెమ్మ పట్టి ముక్కిపోయింది, అందులో ఎలుక కాపురం పెట్టింది. అది అక్కడితో సరి. రంపపు పొట్టు బాగుంటుందనుకున్నాను. పెట్టె కుదిపేసరికి పొట్టంతా కిందికి దిగి, గ్లాసులన్నీ ఒకచోట చేరి తలలు బాదుకున్నాయి. దూది మెత్తగా ఉందని మురిసిపోతే, బరువుకి అణిగి అప్పడమైంది. థర్మకోల్ ముక్కలు గ్లాసుల్ని కాపాడాయి, కాదనను. కానీ తెల్ల పూసలు గ్లాసు లోపల అంటుకొని ఎంత దులిపినా రావు. ద్రాక్షారసంలో అవి తేలితే ఎవరు తాగుతారు?

మిగిలింది దినపత్రిక. పాత పేపర్లు కొనే అతను మా వీధిలోకి వస్తే, అతని బండి మీదున్న కట్టలన్నీ దింపించాను.

"ఏందక్కా, మీ నాయిన పాత పేపరు ఇంట్ల పెట్టనియ్యడు గదా, గిన్ని ఏం జేస్తవ్?"

"నలుపుతా."

"నలిపేతందుకా? కొనుక్కొని మరీ?" అని తల పట్టుకున్నాడు. "జెర ఆగు, వైన్ షాపు అట్టడబ్బాలు సుత ఉన్నయి నా తాన. మస్తు మజ్బూత్ ఉంటయి, గాజు సామాన్‌కు గవే కరెక్ట్."

"వద్దన్నా, ఒక రోజుకి ఒక యుద్ధం చాలు" అన్నాను.

నలిపిన దినపత్రిక ఉండలు అడుగున దట్టంగా, గోడల వెంట, గ్లాసు వరసల మధ్య, మళ్లీ పైన. మూత వేస్తే కాస్త ఎదురుతన్నాలి, అప్పుడే లోపల కదలిక ఉండదు. పెట్టెని మెట్లమీంచి తోశాను. ధడధడమని వాకిట్లో పడింది. అమ్మ "ప్రభువా!" అని పరుగెత్తుకొచ్చింది. విప్పి చూస్తే లోపల ఒక్కటి కూడా కొత్తగా పగల్లేదు. గెలిచాననుకొని తల ఎత్తితే వరండాలో నాన్న.

"దేవుని గ్లాసుకి సినిమావాళ్ల మొహాలు చుడతావా అమ్మాయ్?"

"గ్లాసుకి తెల్లకాగితమే చుడతాను. మొహాలు చుట్టూ ఉంటాయి. పొద్దున్నే బైబిలు పట్టుకున్న చేత్తోనే మీరు పేపరు పట్టుకుంటారుగా? చదవడానికి పనికొచ్చింది కాపాడ్డానికి పనికిరాదా?"

"నోరు మూయ్."

"మూయను. వాక్యాన్ని నలపకూడదని మనం మడతలు పెట్టుకుంటూ కూర్చుంటే, అక్కడ వాళ్ల పరువు నలిగిపోతోంది. అది కనపడదా మీకు?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఇప్పటికీ చెప్పదు. చివరికి నాన్న, "పంపు. కానీ ఆ పెట్టెమీద నేను చెయ్యి పెట్టను. ఒక్కటి పగిలినా ఇంక ఆ ప్యాకింగు బల్ల దగ్గరికి రాకు" అన్నాడు.

"రాను" అన్నాను. అనేశాను గానీ, ఆ బల్ల తప్ప నాకంటూ ఏముందప్పుడు?

కొత్త సరుకు దిగిన రోజునే పెట్టె సర్దాను. నలిపి నలిపి అరచేతులు సిరాతో నల్లగా అయ్యాయి. నాన్న అటు తిరిగి పాటల పుస్తకాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. మేకులు నేనే కొట్టాను, ఒక దెబ్బ వేలికి కూడా కొట్టుకున్నాను. లారీ ఆఫీసులో గుమాస్తా "ఏమున్నయమ్మా దీన్ల?" అంటే, "మీరు విసిరినా పగలనివి" అన్నాను. అతను నవ్వి, నా ఎదురుగానే పెట్టెని విసిరాడు.

ప్రతిష్ఠ ఆదివారం నాడు మా చర్చిలో పాటలు నా నోట్లోంచి రాలేదు. ఆ పల్లెలో ఈపాటికి పెట్టె తెరిచి ఉంటారా, అరువుకి పక్క ఊరికి పరుగెత్తి ఉంటారా అనే ఆలోచనే. మా ముందుకు గ్లాసుల పళ్లెం వచ్చింది. నాన్న గ్లాసు తీసుకొని మామూలు కంటే ఎక్కువసేపు తలవంచుకున్నాడు. నేను చూశాను.

ఆ వారంలోనే పెద్దాయన మళ్లీ వచ్చాడు. వస్తూనే చొక్కా జేబులోంచి నలిగిన పేజీ తీసి కౌంటర్ మీద పరిచాడు. వానలో తడిసిన చీరతో ఒక హీరోయిన్ మా ముగ్గురి వైపూ చూసి నవ్వుతోంది.

"ఇదేంటండీ?" అన్నాడు. "సంఘమంతా చూస్తుండగా పెట్టె తెరిచాం. అయ్యగారు చెయ్యి పెడితే ముందు ఈవిడ వచ్చింది!"

నాకు నవ్వాగలేదు. జవాబు కూడా నాలుక చివరే ఉంది. కానీ నాన్న ముందే అడిగాడు. "మరి గ్లాసులు?"

"గ్లాసులకేమండీ, ఒక్కటి పోలేదు" అన్నాడు పెద్దాయన. ఆ మాటతోనే ఆయన మొహం మారిపోయింది. స్టూలు లాక్కొని కూర్చున్నాడు. "మా వాడలో అందరికన్నా పెద్ద ముసలమ్మ ఒకామె ఉందండి. గ్లాసు చేతికిస్తే తాగదే! పైకెత్తి వెలుతురులో చూసి, 'ఇది కడిగి ఎవరికి ఇచ్చెయ్యాలయ్యా?' అని అడిగింది. 'ఎవరికీ ఇవ్వక్కర్లేదమ్మా, మనవే' అన్నారు అయ్యగారు. అప్పుడు తాగిందండి."

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, తుడిచింది కళ్లజోడు ఒక్కటే కాదు. తర్వాత కౌంటర్ మీది హీరోయిన్ని తీసుకున్నాడు. చించి పారేస్తాడనుకున్నాను. ఆయన ఆ పేజీని రెండు చేతులతో ఉండగా నలిపాడు. నలిపి, పక్కనున్న నా ఉండల్లో ఒకటి తీసి నొక్కి చూశాడు.

"నువ్వు మరీ గట్టిగా నలుపుతున్నావమ్మాయ్. ఇలా అయితే లోపల గాలి ఎక్కడుంటుంది?"

నా మాట నాకే అప్పజెప్తున్నాడు, పైగా తప్పులు పడుతూ! ఒళ్లు మండింది. అయినా ఊరుకున్నాను. ప్యాకింగు బల్లమీద ఇంకో ఊరి పెట్టె దాదాపు నిండి ఉంది. ఆయన తాను నలిపిన ఉండని అందులో ఒక మూలకి దూర్చి, మూత వేసి, దానిమీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. నేను కళ్లు మూసుకోలేదు. ఆ మూల కాస్త వదులుగా ఉందేమోనని చూస్తూనే ఉన్నాను. ఆమెన్ మాత్రం గట్టిగా అన్నాను.