బేతంచెర్ల వంకలో చేపల లెక్క

మా చెల్లెలు సరోజ కర్నూలు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. చిన్న వంకల్లో ఏయే చేపలున్నాయో తెలుసుకునే సరైన పద్ధతి చూపిస్తే, జిల్లా అంతటా ఆ పని దానికే అప్పగిస్తామని చేపల శాఖవాళ్లు అన్నారు. అమ్మ నన్ను తోడు పొమ్మంది. నా చదువు హైస్కూలుతో మాన్పించిన ఇంట్లోనే, ఆఖరిదని దాన్ని మద్రాసు పంపి చదివించారు. అది తలచుకుంటే యాభై ఏళ్ల వయసులోనూ నాకు కడుపు మండుతుంది.

మా ఊరు నంద్యాలలో పొద్దున్నే రైలెక్కితే ఎండ ముదరకముందే బేతంచెర్లలో దిగవచ్చు. స్టేషను బయట ఎద్దుబండి రానూపోనూ రెండు రూపాయలకు కుదిరింది. బండి తోలే పుల్లన్న మా వలలు చూసి, “చేపలు తినేకా, అమ్మేకా?” అన్నాడు.

“లెక్కపెట్టి వదిలేసేకి,” అంది సరోజ.

“వదిలేసేకా! గట్టున కూర్చోని చూస్తే సాలదామ్మా?”

సరోజ పకపకా నవ్వింది. నేను నవ్వలేదు.

వంక నాపరాళ్ల మధ్య పారుతోంది. “జెముడు పాలు పోయండి. అన్నీ ఎల్లకిలా తేలతాయి,” అన్నాడు పుల్లన్న.

“కింద ఊరిదాకా సచ్చిపోతాయన్నా!” అంది సరోజ. విసురువల రాళ్లకు తగులుకుంటుందట, చిన్న పరిగె చేపలు దాని పెద్ద కన్నుల రంధ్రాల్లోంచి జారిపోతాయట. ఎర పెట్టిన బుట్టలోకి ఆకలిగొన్నవే వస్తాయట. చివరికి మడుగూ, రాళ్లమీద పారే నీళ్లూ రెండూ ఉన్న చోటు ఎంచుకుంది. పైనా కిందా సన్నకన్ను వలలు అడ్డంగా కట్టి, మధ్యలో మరో వల మళ్లీ మళ్లీ లాగాలంది.

ఆరోజు శనివారం. శనివారం జలచరాలకు బొరుగులు వేశాకే నేను మంచినీళ్లు ముడతాను. సరోజ వలలు విప్పుతుండగా మడుగులో గుప్పెడు చల్లాను. కింది రాళ్ల సందుల్లోని చేపలు కూడా ఎగబడి వచ్చాయి.

“అక్కా! యాడెక్కడివో అన్నీ ఈడికే వచ్చినాయి గదా. ఇప్పుడు లెక్కపెడితే అబద్ధమే. సాయంత్రం రైలుకు పోవాల.” దాని ముఖం పాలిపోయింది.

“ఏమమ్మా, సుట్టాలకు బోజనాలు పెట్టినావా?” అని నవ్వాడు పుల్లన్న.

తిడితే నాకు హాయిగా ఉండేది. అది తిట్టలేదు. నీళ్లు పారే దిక్కు చూసి, “బొరుగుల వాసన నీళ్లకు ఎదురెక్కదు,” అంటూ పైకి నడిచింది. ఒక రాతి మెట్టు దాటాక అలాంటి చోటే మరొకటి దొరికింది. అక్కడ పైనా కిందా వలలు కట్టాం.

“వల ఆ కొన పట్టుకో అక్కా.”

మొదటి లాగుడులో జెల్లలు, పరిగెలు, మట్టగిడసలు మేం తెచ్చిన బిందెలో సగానికి వచ్చాయి. రెండోసారి తగ్గాయి. మూడోసారి రెండే చేపపిల్లలు. “ఇంక మిగిలినవి శానా తక్కువ. పద్ధతి కుదిరింది!” అని తడిచేతులతో నన్ను వాటేసుకుంది.

“ఈయమ్మది ఏం బుర్రప్పా!” అన్నాడు పుల్లన్న. మళ్లీ మండింది.

తిరుగు దారిలో ఆ పని దానికే దక్కాలని వేంకటేశ్వరునికి మొక్కుకున్నాను. మనసారానే మొక్కాను. అయినా మంట ఆరలేదు. ప్రేమా అసూయా ఒకే గుండెలో ఎలా ఇముడుతాయో నాకింకా తెలియదు.

ఇలాంటి పనికి వెళ్లేవారు వెడల్పాటి గిన్నెలు తీసుకెళ్లండి. వాటిని నీడలో ఉంచి నీళ్లు మారుస్తూ ఉండాలి. ఆరోజు బిందెలో చేపలు ఊపిరాడక తేలుతుంటే నేనే కొత్తనీళ్లు పోసి, లెక్క అయ్యాక అన్నిటినీ ప్రాణాలతో వంకలోకి వదిలాను. సరోజ లెక్క రాసుకుంటూ గమనించలేదు.