పుట్టగొడుగుల గదిలో సాంబ్రాణి పొగ

2006, కార్తీక మాసం. తాడేపల్లిగూడెంలో నాది మోటారు వైండింగ్ కొట్టు. కాలిపోయిన మోటార్లకూ ఫ్యాన్లకూ లోపలి రాగితీగ మళ్ళీ చుట్టడం నా పని. అప్పట్లో సగం రోజులు కలిదిండి చెరువుల మీదే గడిచేవి. నీళ్ళు చిలికి చేపలకు గాలి అందించే ఏరియేటర్లు మొరాయిస్తే నన్నే పిలిచేవారు. అక్కడి దోమలు ఎంతటివంటే, గట్టు మీద పెట్టిన నా స్క్రూడ్రైవర్‌ని రెండు దోమలు చెరో చివరా పట్టుకుని ఎత్తుకుపోయాయి. నట్ల కోసం మూడోది వస్తే తరిమేశాను. ఈ సంగతి మా ఆవిడ నమ్మదు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఆవిడ కూడా నమ్ముతుంది. ఆ పంట మా ఇంట్లో కూరై ఉడికింది మరి.

ఓ ఉదయం పెంటపాడు నుంచి సత్యవేణి గారు వచ్చారు. వరి రైతుల ఇంటి కోడలు. చేతిసంచిలోంచి అరిటాకు పొట్లం తీసి కౌంటరు మీద విప్పారు. లోపల పుట్టగొడుగులు. కాడలు జానెడేసి, పైన గొడుగులు చొక్కా గుండీలంత.

"ఏవండీ ఖాదర్ గారూ, వీటికి వెలుతురు చాల్లేదంటారా, గాలి చాల్లేదంటారా? మీరు చేపలకే ఊపిరి పోస్తారంట గదండీ."

నాకు పుట్టగొడుగు అంటే వానాకాలంలో గడ్డివాము పక్కన మొలిచేదే. అయినా గాలి, వెలుతురు అన్నాక తెలీదని చెప్పలేకపోయాను. ఆవిడ శిక్షణకు వెళ్ళి నేర్చుకొచ్చి, ఇంట్లోని ధాన్యం గదిలో వీటిని పెంచుతున్నారు. ఉడకబెట్టిన వరిగడ్డిని పాలిథిన్ సంచుల్లో కూరి, మధ్యమధ్యలో స్పాన్, అంటే పుట్టగొడుగు విత్తనం, చల్లి ఉట్లలో వేలాడదీస్తారు. మొదటి దఫా అంతా ఆ పొట్లంలోని సరుకే అయింది. హోటలు వాళ్ళు ముట్టుకోలేదు. రెండో దఫా సంచులకు అప్పుడే పిన్‌హెడ్స్, గుండుసూది తలలంత మొలకలు, తొంగిచూస్తున్నాయి. వీటికీ గొడుగు విచ్చకపోతే మూడో దఫా ఉండదు. సార్వా, అంటే వానాకాలపు పంట, ధాన్యం ఇంటికొచ్చే వేళకు గొడుగు కనిపిస్తే గది కోడలిది, లేదంటే సంచులు పెంటకుప్పకు. ఇది అత్తగారు సూరమ్మ గారి తీర్పు. పక్క చేలలో అప్పటికే కోతలు మొదలయ్యాయి.

వెళ్ళి గది చూశాను. కిటికీ లేదు. తలుపు నెత్తిన చిన్న వెంటిలేటర్, ఎదుటి గోడకు పైన, వాసాల దగ్గర, ఎగ్జాస్ట్ ఫ్యాన్. మా వైపు వంటింట్లోనైనా రైసుమిల్లులోనైనా ఎగ్జాస్ట్ అక్కడే పెడతారు. వేడీ పొగా పైకే పోతాయి గదా. అందుకే నేనూ దాన్ని అనుమానించలేదు. ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది. ఉన్నదల్లా ఒక జీరో బల్బు. ఈ తప్పు వెలుతురుదేనని తేల్చేశాను.

తేమ కోసం గోడలకు తడి గోనెలు కట్టారు. బల్బు హోల్డర్ మీద నీటిబొట్లు. చెయ్యి ఆనిస్తే గోడే జిల్లుమంది. వెంటనే మెయిన్ ఆపించాను.

"ఎప్పటినించండీ ఇలా?"

"కొంచెం కొంచెం తిమ్మిరి ఉంటుందండీ. తడిగా ఉంటుంది గదా, చలేమో అనుకున్నాను."

ఆ చలికి మనిషి పోతాడని చెప్పాను. పాత వైరు మొత్తం పీకేశాను. నీళ్ళు దూరని మూతల ట్యూబులైట్లు బిగించి, స్విచ్చులు గది బయటికి మార్చాను. కరెంటు కొంచెం దారి తప్పినా మెయిన్‌ను పడగొట్టే ఆర్‌సీసీబీ పెట్టాను. ఎంత వెలుతురు కావాలంటే, సంచి పక్కన నిలబడి పేపరు చదవగలిగితే చాలని శిక్షణలో చెప్పారట. చదివి చూపించాను.

మళ్ళీ వెళ్ళేసరికి మొలకలు కాడలై సాగుతున్నాయి. గొడుగు మాత్రం గుండీయే. పొలంలో నూర్పిడి మిషను చప్పుడు ఇంటిదాకా వినిపిస్తోంది. సత్యవేణి గారు నా వంక చూడలేదు, నేనూ ఆవిడ వంక చూడలేదు.

ఆ రోజు శుక్రవారం. దీపాలు పెట్టే వేళ సూరమ్మ గారు నిప్పుల గరిటెలో సాంబ్రాణి వేసుకుని ఆ గదికేసి వచ్చారు. కోడలు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అత్తయ్యగారూ, ఆ పొగే వీటిని చంపేస్తోందండీ. ఇవాళొక్కరోజుకి వద్దండీ."

"ధాన్యలక్ష్మి ఉండే గదే ఇది. నేను కాపరానికి వచ్చిన కాణ్నించి శుక్రవారం పొగ తప్పలేదు. నీ గొడుగుల కోసం ఆవిణ్ణి ధూపం లేకుండా కూర్చోబెట్టమంటావా?"

నేను లోపల స్టూలు మీద ఉన్నాను. దిగితే ఎవరి పక్షాన దిగినట్టో తెలియక అక్కడే ఉండిపోయాను. సూరమ్మ గారు కోడల్ని తప్పించుకుని వచ్చి, గరిటె మూలన నేల మీద పెట్టేశారు. వెనకే కోడలూ లోపలికొచ్చింది. అంతలో గాలికి తలుపు మూసుకుంది.

కొత్త ట్యూబుల వెలుతురులో పొగ దారి కనిపించింది. వేడిగా పైకి లేచిన పొగ వాసాల దగ్గర వెంటిలేటర్ గాలికి దొరికి, ఫ్యాన్‌లోకి పరుగెత్తింది. మిగిలిన పొగ చల్లారి, సంచుల ఎత్తున పరుచుకుని, చలికాలపు కొల్లేరు మంచులా కదలకుండా పడుకుంది. గడ్డి విడిచే చెడుగాలీ అక్కడే పడుకుంటోందని, సంచులు దాన్నే పీలుస్తున్నాయని నాకప్పుడు తట్టింది. ఆ మాట నేను చెప్పేలోపు సూరమ్మ గారే అన్నారు.

"తలకట్టు చేలకే నీళ్ళు పోతున్నాయి. శివారుకి చుక్క రావట్లేదు."

మా డెల్టాలో కాలువ మొదటి చేలే నీళ్ళన్నీ తాగేస్తే చివరి రైతు ఏడ్చే ఏడుపు తెలియనివాళ్ళుండరు. సత్యవేణి గారు అత్తగారి వంకా, పొగ వంకా మార్చిమార్చి చూశారు.

ఫ్యాన్ కిందికి దించుదాం, మోకాలి ఎత్తున గోడకు కన్నం కొడతానని డ్రిల్లు తీశాను. సూరమ్మ గారు గోడకు వీపు ఆనించి నిలబడ్డారు.

"ధాన్యం గదికి కింద కన్నమా? పందికొక్కుల్ని పేరంటానికి పిలిచినట్టే. నేను బతికుండగా అవ్వదు, నాయనా."

డ్రిల్లు సంచిలో పెట్టేశాను. ఫ్యాను దిగకూడదు, గాలి మాత్రం కిందినుంచి పోవాలి. అడ్డుపడిన ఆవిడే పెరటివైపు వేలు చూపించారు. నీళ్ళ కాగు పొయ్యికి నిలువునా పొగగొట్టం. "అది పైకి పోదా ఏం? దీనికీ అలాంటిది తగిలించు" అన్నారు.

గూడెంలో రేకు పని చేసే మా బావమరిదిని పట్టుకుని ఓ గొట్టం చేయించాను. ఫ్యాన్ నుంచి నేలకు జానెడు ఎత్తుదాకా దిగే గాలికాలువ అది. మా భాషలో డక్ట్ అంటాం. బిగించాక సూరమ్మ గారే అగరుబత్తి వెలిగించి ఒక్కో సంచి కింద పట్టుకున్నారు. పొగ వంగి, నేలబారున పాకి, గొట్టంలోకి దూరింది. శివారుకి నీరొచ్చింది.

కానీ మొలక విచ్చడానికి టైము కావాలి. ధాన్యం ఆగదు.

ధాన్యం ట్రాక్టరు వాకిట్లోకి వచ్చిన సాయంత్రం ఆర్‌సీసీబీ పడిపోయిందని సత్యవేణి గారి దగ్గర్నించి కబురొస్తే వెళ్ళాను. అందులో లోపమేమీ లేదు. ఆవిడకు పక్కన ఎవరో ఒకరు కావాలి, అంతే. కూలీలు బస్తా భుజానికెత్తుకుని "ఎక్కడ దించమంటారండీ" అని అడిగారు. కోడలు అత్తగారి వంక చూసింది. సూరమ్మ గారు తలుపు తీసుకుని ఒక్కరే లోపలికెళ్ళారు. చాలాసేపు రాలేదు. ట్రాక్టరు ఇంజను అలా కొట్టుకుంటూనే ఉంది.

ఆవిడ బయటికి వచ్చి తలుపు జాగ్రత్తగా దగ్గరకు వేశారు.

"వరండాలో దించండి. టార్పాలిన్ కప్పండి. చప్పుడు చెయ్యకండి, లోపల విచ్చుకుంటున్నాయి."

అప్పటినుంచి నా పనిసంచిలో టెస్టరు పక్కన అగరుబత్తి కట్ట ఉంటుంది. ఏ గదిలో ఫ్యాన్ పెట్టమన్నా ముందు అది వెలిగించి, గాలి ఎటు పోతోందో చూసి గానీ గోడ మీద గీత గీయను. రెక్క తిరుగుతున్నంత మాత్రాన గాలి అందుతున్నట్టు కాదని నాకు నేర్పింది ఆ గదే. ఆ దఫా గొడుగుల్లో ఒకదాని కింద నేనూ మా ఆవిడా వానకు తడవకుండా గూడెందాకా నడిచొచ్చాం. ఈ ముక్క కూడా ఆవిడ నమ్మదు. సూరమ్మ గారు మాత్రం శుక్రవారం పొగ మానలేదు. గరిటె పట్టుకుని గడప ఇవతలే నిలబడి, లోపల వాటికి తగలకుండా, పైట చెంగుతో పొగను వాకిట్లోకి విసురుతారు.