కాలువ గట్టున ఆపిన కళ్ళ బండి

మొన్న శనివారం సాయంత్రం మా చెల్లెలి కొడుకు, పెళ్ళాన్నీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని, మంచాలూ పొయ్యీ స్నానాలగదీ అన్నీ లోపలే అమర్చిన పెద్ద వ్యాను ఒకటి అద్దెకు తీసుకుని, బెంజ్ సర్కిల్ దగ్గరి మా అపార్టుమెంటు ముందుకు వచ్చి ఆగాడు. లాడ్జీల జోలికి పోకుండా ఊళ్ళన్నీ అందులోనే తిరుగుతారట. సంతోషమే గాని, ఆ రాత్రికి దాన్ని చట్టప్రకారం ఎక్కడ నిలుపుకోవచ్చో చెప్పగలిగినవారు లేకపోయారు. బయటి బండ్లకు చోటు లేదని మా సెక్రటరీ గారు తేల్చేశారు, రోడ్డు వారన కుదరదని ట్రాఫిక్ వాళ్ళు అదిలించారు, నది ఒడ్డుకు వెళితే అక్కడెవరో ఈల వేసి తరిమారు. చివరికి ఊరి బయట ఒక ఫంక్షన్ హాలు వాళ్ళు కాగితం రాసిచ్చి తమ ఆవరణలో ఉండనిచ్చారు. ఈలోగా వ్యాను చుట్టూ చేరిన మా ఈడువాళ్ళు, మన రోజుల్లో ఏ ఊరు వెళ్ళినా రండి రండి అని దొడ్లో చోటిచ్చి మజ్జిగ కూడా పోసేవారండీ అని మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండింది.

ఎందుకంటే అలాంటి బండిలో నేను మూడేళ్ళు పడుకున్నాను. నర్సు చదువు అయిన వెంటనే ఒక మిషన్ ఆసుపత్రిలో చేరితే, నన్నూ మరొక సిస్టర్‌నూ కళ్ళ బండికి వేశారు. ఊరూరా తిరిగి కళ్ళు చూసే ఆ వ్యానులో రెండు బల్లలు, ఒక కిరసనాయిలు పొయ్యి, మందుల బీరువా ఉండేవి. బల్లల మీద మేము, ముందు సీట్లో డ్రైవరు పడుకునేవాళ్ళం. డ్రైవరు నాకు చుట్టం కాడు గాని బాబాయి అనేదాన్ని. ఊరి మొదట్లో బండి ఆపి, చొక్కా సర్దుకుని, కాలినడకన వెళ్ళి చోటు అడిగి వచ్చేవాడు. స్థలం గలవారి సంతకం పుస్తకంలో లేనిదే బండి నిలపరాదని ఆసుపత్రి నియమం. సంతకం పెట్టేవారెవరు? మిల్లు ఉన్నవారు, గొడ్లసావిడి ఉన్నవారు. ఊరికి ఎడంగా దళితులుండే పేటలో చర్చి ఉండేది గాని ఆ సందులో మా బండి తిరిగేది కాదు. రాత్రి ఆగిన చోటే తెల్లారాక కళ్ళు చూసేవాళ్ళం కనుక, ఎవరి దొడ్లో ఆగామన్నదాన్ని బట్టే ఎవరు వస్తారన్నది తేలిపోయేది.

ఇది బాబాయికి తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు. మాదీ మైలవరం అవతల ఒక పేటే. తెల్ల యూనిఫాం వేసుకున్నాను కనుక మిల్లు యజమాని భార్య నన్ను లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చేది, మీదే ఊరమ్మా అంటే నేను ఆసుపత్రి ఉన్న ఊరి పేరు చెప్పి తప్పించుకునేదాన్ని. మిల్లులో లైటు ఉండేది, గడియ ఉన్న స్నానాలగది ఉండేది. ఆ వయసులో అవే నాకు పెద్ద భాగ్యం, అందుకే నోరు మెదపలేదు.

కూచిపూడి దాటాక ఒక ఊళ్ళో కోతల రోజుల్లో అలాగే మిల్లులో ఆగాం. తరవాత మూడు వారాలకు ఆ ఊరి పేట నుంచి ఒక కూలి మనిషి ఆసుపత్రికి వచ్చింది. మేమక్కడ ఆగే ముందురోజే నూర్పిళ్ళలో వడ్లగింజ ఎగిరి కంట్లో తగిలిందట. మొదటి రెండు రోజుల్లో చుక్కలు వేసి ఉంటే నిలిచే కన్ను, పువ్వు వేసి తెల్లబడిపోయింది. మేము మీ ఊరు వచ్చాం కదా, రాలేదేం అని నేనే గద్దించాను.

"వచ్చానమ్మా, మిల్లు గేటు దాకా వచ్చా. కూలికైతే పిలుస్తారు గానీ, ఊరికే ఆళ్ళ దొడ్లోకి మేమెట్టా వస్తామమ్మా?" అంది.

ఆ మాటలో కోపం కూడా లేదు. ఆ సాయంత్రమే బాబాయితో, ఇకమీదట ఊరికీ పేటకూ మధ్య కాలువ గట్టు మీద ఆపుదాం అన్నాను. "సంతకం ఎవరు పెడతారమ్మాయ్?" అన్నాడు. ఏమన్నా మాట వస్తే నేనే ఆపమన్నానని చెబుతాలే బాబాయ్ అన్నాను. ఆయన నా ముఖం ఒకసారి చూసి సరేనన్నాడు. నిజం చెప్పాలంటే నా ఉద్యోగంలో నేను గర్వంగా తలుచుకునేవి గట్టు మీద ఆగిన ఆ నాలుగు నెలలే. బండిలోకి ఎక్కే చెక్క ఒక్కటే కనుక వరసా ఒక్కటే. మొదట్లో ఊరి ఆడవాళ్ళు కొంగు ముడుచుకుని ఎడంగా నిలబడినా, ఎండ ముదిరే వేళకు అందరూ వరసలో కలిసిపోయేవారు.

గట్టు సర్కారుది, బండి ఆపడం చట్టవిరుద్ధం అని ఎవరో పెద్దలు ఆసుపత్రికి ఉత్తరం రాశారు. పెద్ద డాక్టరు గారు మమ్మల్ని పిలిపించి, నీకెవరు చెప్పారయ్యా అని బాబాయిని అడిగారు.

"ఎవరూ చెప్పలేదండీ, నాకే తోచింది" అన్నాడు, నా వైపు చూడకుండా.

డాక్టరు గారు నా వైపు తిరిగి, నీకు తెలుసా అమ్మా అన్నారు. ఆ నెలలోనే నా ఉద్యోగం ఖాయం కావాలి. నాన్న పోయాడు, ఇద్దరు తమ్ముళ్ళు నా మీదే ఆధారపడి చదువుతున్నారు. ఇవన్నీ నిజాలే, అయినా సాకులు సాకులే. తెలియదండీ అన్నాను. బాబాయిని ఆ వారమే తీసేశారు. బండి మళ్ళీ మిల్లులకు పోయింది, పేటవాళ్ళు మళ్ళీ రావడం మానేశారు.

కొన్నేళ్ళకు బాబాయి విజయవాడ బస్టాండులో కనిపించాడు. ముసలి వయసులో లారీల మీద ఒకరి బదులు ఎక్కే డ్రైవరుగా తిరుగుతున్నాడట. "ఏమ్మాయ్, ఉజ్జోగం పర్మినెంటయిందా?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అయింది బాబాయ్ అంటే, పోన్లే అని నా తల నిమిరి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడా పేటలో డాబాలు లేచాయి, పిల్లలు తమ కార్లలోనే ఆసుపత్రులకు వెళుతున్నారు. మిల్లులు మూతపడ్డాయి, గట్టు పొడుగునా దుకాణాలు వెలిశాయి. మా వాడిని అందరూ తరిమారు గాని, నువ్వెవరి బిడ్డవని ఒక్కరూ అడగలేదు. మారింది, కాదనను. బాబాయి పోయి చాలా కాలమైంది, ఆ డాక్టరు గారూ లేరు. గట్టు మీద బండి ఆపమన్నది నేనే. అది ఇప్పుడు నన్ను అడిగేవారు లేరు.