మా జీపుకి మణికట్టు వెతికిన కథ

గోదావరికి ఎన్నో వరదలొచ్చాయి. తుఫానులు కొబ్బరిచెట్లను జుట్టు పట్టి ఆడించాయి. కాలువలకి గండ్లు పడి ఊళ్లకి ఊళ్లు మునిగాయి. అవన్నీ ఒక ఎత్తు, నేను మూరెడు పసుపు దారంతో తెచ్చిన ప్రళయం ఒక ఎత్తు. అన్నవరం కొండ నుంచి పాలకొల్లు దాకా ఆ రోజు వాహనాలు స్తంభించిపోయాయి. జనం హాహాకారాలు చేశారు.

సరే, కొంచెం పెంచాను. స్తంభించింది ఒక్క వాహనమే, మాది. హాహాకారాలు చేసింది కూడా ఒక్క మనిషే, మా ఆవిడ సుబ్బలక్ష్మి. ప్రాణనష్టం ఏమీ లేదు. పరువునష్టం జరిగింది గానీ, దానికి ఏ ప్రభుత్వమూ పరిహారం ఇవ్వదు కదా.

నేను కాలువల శాఖలో ఓవర్సీరుగా పనిచేశాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ శాఖవారి పెట్రోలు జీపుని కాలువగట్ల మీద గుర్రంలా పరుగెత్తించానని ఊళ్లో చెప్పుకుంటూ ఉంటాను. మీరు పరాయివాళ్లు కాదు గనక నిజం చెబుతున్నాను: పరుగెత్తించింది డ్రైవరు. నేను పక్కన కూర్చుని “మెల్లిగా, మెల్లిగా” అనేవాణ్ణి.

ఆ జీపుకీ నాకూ ఒకే ఏడు రిటైర్మెంటు వచ్చింది. నాకు శాలువా కప్పారు, దాన్ని వేలం వేశారు. చూస్తూ ఊరుకోలేక నేనే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగు చక్రాలూ కలిసి లాగే బండి అది. వానాకాలం నల్లమట్టి గట్టు మీద ట్రాక్టర్లు దిగబడిన చోట కూడా గేదెలా తాపీగా నడిచిపోతుంది. రోజూ సాయంత్రం దాని మీద గట్టు వెంట తిరిగేవాణ్ణి. చేలో రైతులు తల ఎత్తి, “ఓవర్సీరు గారూ, మా చివరి భూములకి నీళ్లెప్పుడు వదులుతారండీ?” అని అడిగేవారు. నా చేతిలో ఏముంది, బిందెడు నీళ్లు వదిలే అధికారం కూడా లేదు. అయినా గంభీరంగా “చూద్దాం” అనేవాణ్ణి. ఆ జీపు దిగితే నేను బనీను వేసుకున్న ముసలాణ్ణి. ఎక్కితే ఓవర్సీరుని. అదండీ సంగతి.

అలాంటి జీపుకి మా ఊరి మెకానిక్కు వీర్రాజు ఇంజను మొత్తం విప్పి, తుడిచి, బిగించి ఇచ్చాడు. చప్పుడు విన్నాను. తంబురా శ్రుతి చేసినట్టుంది. ఆ సంతోషంలో సుబ్బలక్ష్మిని ఎక్కించుకుని అన్నవరం వెళ్లాను. వ్రతం చేసుకున్నాం. తర్వాత బండికి పూజ.

పంతులుగారు బానెట్టు మీద బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, కొబ్బరికాయ కొట్టి, చివర్లో పసుపు దారం ఒకటి నా చేతిలో పెట్టారు.

“స్టీరింగుకి కట్టుకోండి బాబూ, శుభం.”

అలా కట్టేసుకుంటే ఈ కథే లేదు. నా బుర్ర ఊరుకుంటేనా!

“పంతులుగారండీ, మనిషికి కంకణం ఎక్కడ కడతారు?”

“మణికట్టుకి.”

“మరి స్టీరింగు జీపుకి మణికట్టు ఎలా అవుతుందండీ? దాన్ని పట్టుకునేది మనం. జీపు మణికట్టు వేరే ఎక్కడో ఉండాలి.”

పంతులుగారు నా వెనక బారు తీరి ఉన్న కొత్త కార్ల వంక చూశారు. “మీకెక్కడ తోస్తే అక్కడ కట్టుకోండి,” అని చల్లగా ముందుకి సాగిపోయారు. తప్పు ఆయనది కాదు. ఆ బారు చూస్తే నేనైనా అలాగే అనేవాణ్ణి.

బానెట్టు ఎత్తాను. ఇంజనుకి వంటిల్లు ఏదయ్యా అంటే కార్బ్యురేటరు. గాలినీ పెట్రోలునీ సరిపాళ్లలో కలిపి వడ్డించేది అదే. దాని పక్కన వేలెడంత మీట ఒకటి, పసిబిడ్డ మణికట్టులా ముద్దుగా కనిపించింది. ఇంకేం! భక్తితో దారం చుట్టి, జారిపోకుండా పక్కనున్న గొట్టానికి లాగి కట్టి, ముడి మీద ముడి వేశాను.

“అంత బిగించారేంటండీ?” అంది సుబ్బలక్ష్మి.

“కొండ దిగేటప్పుడు కుదుపులకి ఊడిపోతుందే.”

“మన పెళ్లిలో మీరు వేసిన ముళ్లు వదులుగా ఉన్నాయని మా అమ్మమ్మ వచ్చి మళ్లీ బిగించింది. జీపు అదృష్టవంతురాలు.”

బండి ఒక్క కూతకి అందుకుంది. “చూశావా కంకణం మహిమ!” అన్నాను. మహిమ కొండ సగం దిగేవరకు ఉంది. ఆ తర్వాత జీపుకి చలిజ్వరం పట్టుకుంది. గడగడ వణుకు. వెనక నుంచి నల్లటి పొగ. లోపలంతా పెట్రోలు వాసన. యాక్సిలరేటరు తొక్కి ఉంచితే ఎలాగో పరుగెడుతుంది, కాలు తీశానో ఊపిరి వదిలేస్తుంది. కాలు తీయకుండా బండి నడపాలంటే దారిలో ఏ అడ్డూ ఉండకూడదు. రాజమండ్రి అలా ఉండదు కదా! ప్రతి సిగ్నలు దగ్గరా ఆగింది. సిగ్నలు లేని చోట కూడా, అలవాటు తప్పకూడదన్నట్టు, ఆగింది.

రావులపాలెంలో సరిగ్గా అరటికాయల మార్కెట్టు ముందు ఆగిపోయింది. ముందు గెలల లారీ, వెనక గెలల లారీ, మధ్యలో మేము. హారన్లు మొదలయ్యాయి. తెల్లచొక్కా వేసుకున్న వ్యాపారి ఒకాయన మెట్లు దిగి వచ్చాడు. పేరు గంగరాజు.

“ఏంటండీ, బండి మొరాయించిందా?”

“విశ్రాంతి తీసుకుంటోందండీ,” అన్నాను.

“ఆయ్. మంచి చోటే చూసుకుంది.” తన మనుషుల చేత పక్కకి తోయించి, జీపు చుట్టూ ఒకసారి తిరిగి, “అమ్మే ఉద్దేశం ఉంటే కబురు చెయ్యండి. గోదావరి లంకల్లో గెలలు మోయడానికి ఇలాంటిదే కావాలి,” అన్నాడు.

“అమ్మడమా! ప్రాణం పోయినా అమ్మను.”

“ఎవరి ప్రాణమండీ?” అంది సుబ్బలక్ష్మి. ఆవిడ ఒళ్లో ప్రసాదం పొట్లం, ముఖం మీద నల్లపొగ.

ఇంటికి చేరగానే వీర్రాజుకి ఫోను చేశాను. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు, కట్టలేని ఓవర్సీరు మెకానిక్కు ఓడన్నాడు.

“నీ రిపేరు తగలెయ్య! బండి అడుగడుక్కీ చచ్చిపోతోందయ్యా.”

“కొండ ఎక్కేటప్పుడు ఎలా ఉందండీ?”

“బంగారంలా ఉంది.”

“దిగేటప్పుడు?”

“అప్పుడే పాడైంది.”

“మధ్యలో ఏం జరిగిందండీ?”

“పూజ జరిగింది.”

“అయితే పంతులుగారికి ఫోను చెయ్యండి,” అని పెట్టేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్లీ వాడి గుమ్మం తొక్కితే ఒట్టు అనుకున్నాను. వాడు అడిగినవి ఎంత చక్కటి ప్రశ్నలో అప్పుడు నాకేం తెలుసు!

ఇక నేనే రంగంలోకి దిగాను. ఫోనులో వీడియోలు చూశాను. ఒకడు హిందీలో చెప్పాడు, ఒకడు ఇంగ్లీషులో, ఒకడు ఏమీ చెప్పకుండా పాట పెట్టి స్పానరు తిప్పాడు. ముగ్గురి మాటా విన్నాను. స్పార్కు ప్లగ్గులు విప్పితే ఒక్కొక్కటీ కాటుక భరిణెలా ఉంది. తుడిచి బిగించాను. మర్నాటికి మళ్లీ కాటుక. పెట్రోలు కల్తీ అనుకుని ట్యాంకు ఖాళీ చేసి కొత్తది పోయించాను. ఫిల్టరు మార్చాను. బ్యాటరీ వైర్లు గరుకు కాగితంతో రుద్దాను. ఊరికే ఉండలేక హారను కూడా విప్పి బాగుచేశాను. అది బాగానే ఉండేది. నేను బాగుచేశాక మోగడం మానేసింది.

ఇంత చేసినవాణ్ణి ఆ దారం చూడలేదా అంటారేమో. చూడకేం! బానెట్టు ఎత్తిన ప్రతిసారీ ముందు దాన్ని కళ్లకద్దుకుని, ఆ తర్వాతే స్పానరు పట్టేవాణ్ణి. కంకణం కట్టిన చోట చెయ్యి పెట్టకూడదు కదండీ. అందుకని ఆ మీటను వదిలేసి, ఇంజనులో మిగతా చోట్లన్నీ వెతికాను. బిడ్డని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినావిడ నాకన్నా నయం. ఆవిడ కనీసం చంకకి దండం పెట్టలేదు.

విచిత్రమేమిటంటే, రోజూ పొద్దున్న మాత్రం బండి ఒక్క కూతకే లేచేది. “బాగైపోయింది!” అని నేను అరిచేలోగా వేడెక్కి మళ్లీ వణికేది.

అలాంటి ఒక పొద్దున్న దాన్ని నమ్మి, పట్టుచీర కట్టుకున్న సుబ్బలక్ష్మిని పేరంటానికి తీసుకెళ్లాను. క్షీరారామం గుడి ముందు, సంత రద్దీలో, ఎప్పటిలాగే గుటుక్కుమంది. నేను స్టీరింగు వదలకూడదు గనక ఆవిడే దిగి తోయాల్సి వచ్చింది. పూలమ్మేవాళ్లు వచ్చి చెయ్యి వేశారు. “ఇంకొంచెం గట్టిగా!” అని నేను లోపలి నుంచి ప్రోత్సహించాను. అది నా జీవితంలో రెండో పెద్ద తప్పు.

ఇంటికొచ్చాక తీర్పు వెలువడింది.

“రేపే రావులపాలెం ఆయనకి కబురు చెయ్యండి.”

“లక్ష్మీ, ఇంకొక్క వీడియో ఉంది.”

“ఆ జీపా, నేనా?”

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మా ఇంట్లో శివుడిదాకా వెళ్లే పని లేదు. కబురు చేశాను. ఆ సాయంత్రం గట్టు మీదకి నడిచి వెళ్లాను. ఎదురైన రైతు ఒకాయన నన్ను గుర్తుపట్టకుండా, “పెద్దాయనా, టైమెంతయింది?” అని అడిగాడు. టైము చెప్పాను. ఇంకేమీ అడగలేదాయన.

గంగరాజు గారు వచ్చారు. బానెట్టు ఎత్తారు. అటూ ఇటూ చూశారు. ఒకచోట ఆయన చూపు ఆగింది. పెదవి చివర చిన్న నవ్వు మొలిచింది. బానెట్టు దించి, “ఎంతకిస్తారండీ?” అన్నారు. ఆయన బెదిరిపోయి వెళ్లిపోవాలన్న కుట్రతో నోటికొచ్చిన పెద్ద ధర చెప్పాను.

“ఆయ్, అలాగేనండీ. రేపు పొద్దున్న వచ్చి తోలుకుపోతాను.”

నా కుట్ర నా మీదే బోర్లా పడింది. ఆయన వెళ్లాక అరుగు మీద చతికిలబడ్డాను. సుబ్బలక్ష్మి మాత్రం గుమ్మంలో నిలబడి ఆలోచిస్తోంది.

“ఏవండీ, ఆయన అరటికాయల వ్యాపారే కదూ?”

“అవును.”

“రావులపాలెంలో గెల కొనేవాడు ఒక్కో కాయా తట్టి చూసి, వంక పెట్టి, వెళ్లిపోతున్నట్టు నటించి, మళ్లీ వెనక్కొచ్చి కొంటాడు. ఈయన ఆగిపోయే బండిని బేరం ఆడకుండా ఎందుకు కొన్నట్టు?”

“మన జీపంటే గౌరవం.”

“కాదు. రోగం ఏంటో ఆయనకి తెలిసిపోయింది. పదండి, ఆయన చూసిన చోటే మనమూ చూద్దాం.”

బానెట్టు ఎత్తాం. “ఎక్కడ చూసి నవ్వాడు?” అంది. వేలు పెట్టి చూపించాను.

“అక్కడ మీరు కట్టిన కంకణం తప్ప ఏమీ లేదే! ఇంతకీ ఆ మీట దేనికండీ?”

ఎవరైనా ప్రశ్న వేస్తే నాకు ఒళ్లు తెలియదు. గొంతు సవరించుకున్నాను. “దీన్ని చోకు అంటారు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉంటుంది కదా, అప్పుడు దీన్ని లాగి గాలి తగ్గించి, పెట్రోలు ఎక్కువ పట్టిస్తే వెంటనే అందుకుంటుంది. మా డ్రైవరు వేలితో లాగి, బండి అందుకోగానే వదిలేసేవాడు. వేడెక్కాక కూడా వదలకుండా లాగిపెట్టి ఉంచితే ఇంజనుకి గాలాడక, పెట్రోలు ఎక్కువై, నల్లపొగ వదిలి, వణికి వణికి...”

“ఆగిపోయారేంటి?”

ఏం చెప్పను! అన్నవరంలో పట్టుకున్న జీపు గొంతుని ఇంతవరకు వదలకుండా, రోజూ దానికే దండం పెట్టి, ఊపిరెందుకు ఆడటం లేదని ఊరంతా తిడుతున్నాను.

సుబ్బలక్ష్మి నవ్వలేదు. ముందు ఆ ముళ్లు విప్పడానికి ప్రయత్నించింది, రాలేదు. జడపిన్నుతో తవ్వి ఒక్కొక్కటీ ఊడదీసింది. దారాన్ని కళ్లకద్దుకుని స్టీరింగుకి కట్టింది. “స్వామి కొండ మీద ఉంటే మీరు ఆయన్ని కార్బ్యురేటర్లోకి తోశారు,” అని, అప్పుడు నవ్వింది. అరుగు పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

బండి తీశాను. వీధి చివరిదాకా వెళ్లి, కాలు తీసేసి కూర్చున్నాను. ఆగలేదు. తంబురా శ్రుతి! అలాగే కూర్చుని చాలాసేపు విన్నాను. కళ్లు కొంచెం తడిశాయి. పెట్రోలు ఆవిరి వల్ల అని మీరు అనుకుంటే నాకు అభ్యంతరం లేదు.

కానీ మాట ఇచ్చేశాను కదా! మర్నాడు పొద్దున్నే గంగరాజు గారు డ్రైవర్ని వెంటబెట్టుకుని దిగారు. సుబ్బలక్ష్మి కాఫీ గ్లాసు అందిస్తూ అంది:

“అన్నయ్యగారూ, మాట ఇచ్చింది ఆయన. జీపు నా పేరున ఉంది. ఆడవాళ్ల పేరున కొంటే కలిసొస్తుందని ఆయనే కొన్నారు. నేను అమ్మను.”

గంగరాజు గారు కాఫీ ఒక గుక్క తాగి, స్టీరింగుకున్న పసుపు దారం చూశారు. “ఆయ్. ముడి విప్పేశారన్నమాట.”

“అంటే మీరు చూశారా!” అన్నాను. “చూసి కూడా చెప్పలేదేంటండీ?”

“దేవుడి కంకణం కదండీ,” అన్నారాయన, చెంపలు వేసుకుంటూ. “కట్టినాయన అంత భక్తిగా కట్టుకుంటే, మధ్యలో మనం వేలు పెట్టకూడదని.”

నవ్వుకుంటూ లేచి, “అమ్మా, మీరు మాత్రం మా మార్కెట్టు వైపు రాకండి. మేము బతకలేం,” అని వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం తాపేశ్వరం కాజాలు పట్టుకుని వీర్రాజు గుమ్మం తొక్కాను. ఒట్టు గట్టు మీద పెట్టాను. వాడు ఒక కాజా కొరికి, “పంతులుగారు ఏమన్నారండీ?” అన్నాడు.

కనుక పాఠక మహాశయులారా, గోదావరీ దక్షిణ తీరాన, స్వగృహంలో, ధర్మపత్ని సమక్షంలో, శుచినై, స్పానరు కింద పెట్టి సంకల్పం చెప్పుకుంటున్నాను. నేటి నుంచి కదిలే ఏ యంత్రానికీ కదిలే చోట ఏమీ కట్టను. ఎవరైనా ఒకచోట కట్టమంటే అక్కడే కడతాను. మణికట్లు వెతకను. ఇది సత్యం, సత్యం, పునః సత్యం.

ఈ ప్రతిజ్ఞ సుబ్బలక్ష్మికి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, “బాగుంది,” అంది. “అందులో నా కొత్త గ్రైండరు పేరు కూడా విడిగా రాయండి.”

రాశాను.