అన్న బిగించిన ఇనుప పట్టీలు

మొన్న ఆదివారం పొద్దున మా అన్న మనవరాలు ఒక పాత గేర్ల సైకిలును తోసుకుంటూ వచ్చి వాకిట్లో నిలబెట్టింది. హైదరాబాదులో దాని స్నేహితురాలు వద్దనుకుని వదిలేసిందట, కొండలూ గుట్టలూ ఎక్కడానికని చేసిన సైకిలట. మా నారాయణఖేడ్‌లో ఎక్కాల్సిన కొండలెక్కడున్నాయో నాకు తెలియదు కానీ, దిగాల్సిన గుంతలకు మాత్రం కొదవ లేదు కనుక, వచ్చిన వారానికే ముందుచక్రం అప్పడంలా వంకరపోయింది. ఆ సైకిలుది ఇరవై ఆరు ఇంచుల చక్రం. పిల్లకు దొరికింది వేరే సైకిలుది, ఇరవై ఏడున్నర. పెట్టి చూస్తే చక్రమైతే పట్టింది గానీ బ్రేకు రబ్బర్లు రిమ్ముకు అందకుండా కిందనే ఉండిపోతున్నాయని, తాత ఏదైనా ఉపాయం చెప్పాలని దాని కోరిక.

మా అన్నకు ఎనభై దగ్గర పడ్డాయి. బస్టాండు పక్కన నలభై ఏళ్లు సైకిల్ టాక్సీ దుకాణం నడిపిన మనిషి. గంట లెక్కన అద్దెకు తెచ్చుకున్న సైకిలు మీద కాలు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కిన మా ఈడువాళ్లకు ఆ దుకాణం ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. అలాంటి మనిషి కుర్చీలోంచి లేవకుండానే తల అడ్డంగా ఊపాడు. "వద్దు బిడ్డా. ఏ బండికి పుట్టిన చక్రం గా బండికే ఎయ్యాలె. ఒక్కపారి నేను గసొంటి పని జేస్తే మా చెల్లె చెయ్యి ఇరిగింది."

ఆ చెల్లెను నేనే. అరుగు మీద కూర్చుని కందికాయలు ఒలుస్తున్నదాన్ని, ఒలిచే చేతిని అలాగే ఆపేశాను. ఆ మాట యాభై ఏళ్లుగా వింటున్నాను. విన్న ప్రతిసారీ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకునే ఉన్నాను.

నర్సు పని నేర్చుకుని వచ్చిన కొత్తల్లో, కంగ్టి దారిలో ఉన్న నాలుగు ఊళ్లు నాకు అప్పగించారు. పసిపిల్లలకు టీకాలు వేయాలి. మంచు వేసిన డబ్బా భుజానికి తగిలించుకుని, ఆ మంచు కరిగేలోగా ఊళ్లన్నీ తిరిగిరావాలి. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నడిస్తే రెండో ఊరికే మంచు నీళ్లవుతుంది. సైకిలు తప్ప దారి లేదన్నాను. ఆడపిల్ల సైకిలెక్కి ఊళ్లు తిరగడం కంటే ఉద్యోగం మానుకోవడమే మేలన్నాడు మా నాయిన. ఇంట్లో నా పక్షాన నిలబడినవాడు అన్న ఒక్కడే. దానికేమన్నా అయితే నన్నడుగు అని నాయిన ముందు మాటిచ్చాడు.

బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక టీచరమ్మ దగ్గర లేడీస్ సైకిలు దొరికింది. కానీ అది పెద్ద చక్రాలది, ఇరవై ఎనిమిది ఇంచులది, నేనేమో పుట్టు పొట్టిదాన్ని. సీటు అట్టడుగుకు దించినా కాళ్లు నేలకు ఆనవు. అన్న రెండు రోజులు దాని చుట్టూ తిరిగి తిరిగి, చివరకు దుకాణంలో పడి ఉన్న ఇరవై ఆరు ఇంచుల చక్రాలు తెచ్చి వేశాడు. కాళ్లు అందాయి. ఇప్పుడు బ్రేకులు అందలేదు. ఆ రోజుల్లో బ్రేకులకు తీగలు కాదు, కడ్డీలుండేవి. చక్రం చిన్నదై కిందికి దిగింది గానీ కడ్డీ దిగదు కదా. అందుకని విరిగిన ఎడ్లబండి చక్రానికున్న ఇనుప పట్టా ముక్క తెచ్చి, కోసి, ఆకురాయితో అరగదీసి, రంధ్రాలు పొడిచి, చిటికెన వేలంత పట్టీలు చేసి, కడ్డీల చివర పిన్నులతో అతికించాడు. రబ్బర్లు రిమ్మును ముద్దుగా పట్టుకున్నాయి. నాకు తెలిసి ఖేడ్‌లో అంతకుముందు ఎవరూ చేయని పని అది.

ఒక్కటే లోపం. పిన్నులు కాస్త వదులుగా ఉంటే తప్ప పట్టిన బ్రేకు మళ్లీ వదలదు. ఆ వదులు వల్ల, రాయి తగిలినా గుంత తగిలినా ముందు పట్టీలు టక్ టక్ టక్ అని మోగేవి. వెనకవి నయం, కాస్త మర్యాదస్తులు. నేను ఊరి పొలిమేర దాటకముందే ఆ చప్పుడు ఊళ్లోకి చేరేది. పిల్లలు వెంటపడి టక్‌టక్ నర్సమ్మ అని అరిచేవారు. దవాఖానలో కంపౌండరు, ఎడ్లబండి వచ్చింది, గడ్డి వేయండి అనేవాడు. ఇరవై రెండేళ్ల వయసు నాది, తెల్లచీర గంజి పెట్టి కట్టుకుని, ఏదో పెద్ద ఉద్యోగస్తురాలినని లోలోపల మురిసిపోతున్న రోజులు. ఆ మాటకు నవ్వినట్టే నవ్వి ఇంటికొచ్చి ఏడ్చాను.

ఒక సాయంత్రం అన్న భోజనానికి లేచిన సమయంలో దుకాణంలోంచి పానా తీసుకుని, ముందు బ్రేకు పట్టీలు రెండూ నేనే ఊడదీశాను. సైకిలు దుకాణం వాడి చెల్లెలిని, ఆ మాత్రం తెలియదా? వెనక బ్రేకు ఉంది కదా, చాలదా అనుకున్నాను. ఆ పట్టీలను పాతచీర పేలికలో చుట్టి ట్రంకుపెట్టెలో బట్టల అడుగున దాచాను.

మర్నాడు సైకిలు పిల్లిలా నడిచింది. నాకు ఎంత సంతోషమో! మొదటి ఊరికి వెళ్లాను, ఒక్క తల్లీ బయటికి రాలేదు. ఎప్పుడూ నేను చేరేసరికి పిల్లల్ని చంకనేసుకుని గడపల్లో నిలబడి ఉండేవారు, అది నా మీద గౌరవమని అనుకునేదాన్ని. కన్నడం కలిపి మాట్లాడే ఒక ముసలమ్మ బుగ్గన వేలేసుకుని, "ఏమమ్మా, ఇవత్తు నీ సైకిల్ సప్పుడే ఇనరాలె గద! ఇనొస్తె గద, పోరగాండ్లను తోల్కొని వస్తుండె" అంది. ఆమె మాటలో ఇవత్తు అంటే ఈరోజు. ఆ చప్పుడే వాళ్లకు కబురని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టి పిలవాల్సి వచ్చింది. ఎండెక్కింది. డబ్బాలో మంచు కరుగుతోందన్న కంగారులో రెండో ఊరి ముందున్న వాగు దిగుడు మీద తొక్కుతూనే దిగాను. వెనక బ్రేకు పట్టాను, చక్రం జారింది. చెయ్యి విరిగింది, టీకా సీసాలు రాళ్ల మీద పగిలాయి. జొన్న బస్తాలతో వెళ్తున్న బండివాళ్లు నన్ను దవాఖానకు చేర్చారు.

ఆడపిల్లకు సైకిలేందిరా అంటే విన్నావా అని నాయిన అన్నను అందరి ముందూ నిలదీశాడు. అన్న అప్పటికే సైకిలు చూసి వచ్చాడు, ముందు పట్టీలు లేవని గమనించాడు. "దాని తప్పేం లేదు నాయినా. నేనే పిన్ను సరిగ్గ ఎయ్యలే, ఎక్కడనో ఊడివడ్డది" అన్నాడు. నేను పక్క మీద కళ్లు మూసుకుని వింటున్నాను. నిజం చెబితే నాయిన ఉద్యోగం మాన్పిస్తాడన్న భయం ఉన్నమాట నిజమే. దానికంటే సిగ్గు ఎక్కువ అన్నది ఇంకా నిజం. అన్న నాలుగు రోజులు దుకాణం మూసుకుని, ఆ పిన్ను ఎలా విరిగిందో చూడాలని, కంగ్టి దారి పొడవునా గడ్డిలో ఆ పట్టీల కోసం వెతికాడు. చెయ్యి అతుక్కున్నాక ఆరు నెలలు తన సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నన్ను ఊళ్లన్నీ తిప్పాడు. ఉద్యోగం నిలిచింది.

కానీ ఆ తర్వాత అన్న ఎన్నడూ ఒక సైకిలు చక్రం మరో సైకిలుకు వేయలేదు. కొన్నేళ్లకు నాలాంటిదే ఒక పొట్టిపిల్ల, బోరంచ వైపు బడికి కొత్తగా వచ్చిన పంతులమ్మ, చిన్న చక్రాలు వేయించుకుందామని సైకిలు తోసుకుంటూ వచ్చింది. కుదరదు పొమ్మన్నాడు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాను. ఆ పిల్ల సైకిలు తోసుకుంటూ వెనక్కి వెళ్లడం చూశాను, చాయ్ పూర్తి చేశాను.

మొన్న మాత్రం కూర్చోలేకపోయాను. వెనక వాటాలో నా గదికి వెళ్లి, ట్రంకుపెట్టె తెరిచి, ఆ మూట తెచ్చి అన్న ఒళ్లో పెట్టాను. పేలిక విప్పి చూశాడు. తుప్పు పట్టాయి గానీ ఆకారం చెడలేదు. ఒక పట్టీని వెలుతురుకు ఎత్తి, రంధ్రం అంచును బొటనవేలితో చాలాసేపు తడిమాడు. "పిన్ను ఇరగలే" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే.

"ఇరగలేదన్నా. నేనే తీసిన" అన్నాను. తిడతాడని చూశాను, తిడితే బాగుండుననిపించింది.

"నాలుగొద్దులు గా గడ్డంత ఎతికిన గదనే" అన్నాడు. అంతే. ఆ తర్వాత కుర్చీ పట్టుకుని లేచి, ఆకురాయి తెమ్మని మనవరాలిని లోపలికి పంపాడు. ఆ పట్టీలనే కోసి, కొత్తగా రంధ్రాలు పెట్టించి, బ్రేకు రబ్బర్లను పైకి ఎత్తి రిమ్ముకు అందించేసరికి మధ్యాహ్నమైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా కొలత తప్పలేదు. అంతా అయ్యాక మనవరాలి వైపు కాదు, నా వైపు చూసి, "సప్పుడైతది మల్ల" అన్నాడు. కానియ్యన్నాను.

ఇప్పుడు నర్సమ్మలు స్కూటీల మీద వస్తున్నారు, ముందురోజే ఫోన్లకు కబురు వస్తుంది, ఏ బిడ్డకూ టీకా తప్పడం లేదు. మంచిదే, మా కాలమే గొప్పదని నేననను. ఆ పంతులమ్మ ఎన్నాళ్లు నడిచిందో, నడవలేక ఎప్పుడు మానుకుందో, ఆమె తర్వాత ఇంకెందరు ఆ దుకాణం నుంచి వెనక్కి వెళ్లారో నాకు తెలియదు, ఇక తెలిసే వీలూ లేదు. అన్న చేతిపని మీద అన్నకే నమ్మకం లేకుండా చేసి, దుకాణం మూసేసిన ఇన్నేళ్లకు దాన్ని తిరిగిచ్చాను. పొద్దున పిల్ల కాలేజీకి బయలుదేరితే టక్ టక్ మని చప్పుడు సందు చివరిదాకా వినిపిస్తుంది. వాకిట్లో కుర్చీ వేసుకుని, అది వినిపించినంతసేపూ అన్న తల కాస్త పక్కకు వంచి వింటాడు. నేను ఆయన ముఖం చూడలేక కందికాయలు ఒలుస్తుంటాను.