అన్న మానిన ఏడాది

మా అన్న మణుగూరు ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో డంపర్ లారీ నడిపేవాడు. నేను పినపాక దగ్గర హాస్టల్ స్కూల్లో టీచర్ని. తాగి డ్యూటీకి వచ్చాడని అన్నను సస్పెండ్ చేశాక, వదిన పిల్లలిద్దర్నీ తీసుకుని కారేపల్లిలోని పుట్టింటికి వెళ్లిపోయింది. అన్న ఉండే కంపెనీ క్వార్టర్‌లో పొయ్యి వెలగడం ఆగిపోయింది. సెలవు రోజు నేను వెళ్లి వండి పెడితే, రెండు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బాక బలవంతంగా దవాఖానాకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ స్కానింగ్ చూసి, లివర్ చాలావరకు గట్టిపడిపోయిందని చెప్పింది. "మందులు మింగుకుంట తాగితే లాభం లేదమ్మా. మానాలె. ఒక్కడే మానుడు కష్టం. తాగుడు మానినోళ్లే కలిసి ఈ ఊర్లనే మీటింగ్ పెట్టుకుంటరట, కనుక్కోన్రి," అంది. ఎక్కడో ఆమెకూ తెలియదు.

స్కూల్లో ఎవర్నీ అడగడానికి నాకు నోరు రాలేదు. ఫోన్లో వెతికితే దొరికిన నంబర్లకు జవాబు లేదు. చివరికి హైదరాబాద్‌లో ఎవరో ఎత్తి, మణుగూరులో చర్చి వెనక పాత బడిగదిలో ఆదివారం సాయంత్రాలు జరిగేదని, ఇప్పుడు నడుస్తోందో లేదో చెప్పలేనని అన్నాడు. అన్నతో చెప్పాను. ఆదివారం షర్టు మార్చుకుని నా స్కూటీ వెనక కూర్చున్నాడు.

చర్చి కనిపించింది కానీ బడి కనిపించలేదు. టీకొట్టు దగ్గర ఆపి, ఇక్కడ మీటింగ్ ఎక్కడ జరుగుతుందని అడిగాను.

"ఏం మీటింగమ్మా? యూనియనోళ్లదా?"

నేను నీళ్లు నమిలాను. వెనకనుంచి అన్న గొంతు వినబడింది. "తాగుడు మానేటోళ్ల మీటింగు. నేనే పోవాలె."

చాయ్ తాగుతున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. కొట్టతను నవ్వలేదు. "పాత బడిల ఇప్పుడు పెడ్తలేరు. బోరింగు పక్క సందుల పోన్రి. రేకుల షెడ్డు ఉంటది," అన్నాడు.

షెడ్డులో ఒకాయన ప్లాస్టిక్ కుర్చీలు సర్దుతున్నాడు. ఆయన్ని చూడగానే అన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. గనిలో షిఫ్ట్ ఇన్‌చార్జి సారు ఆయన. అన్నను మిషన్‌లో ఊదించి, తాగాడని రిపోర్ట్ రాసింది ఆయనే.

"పోదాం చెల్లె," అని అన్న వెనక్కి తిరిగాడు.

సారు బయటికి వచ్చాడు. "నన్ను చూసి పోతున్నవా?"

"మీరిక్కడ ఏంది సార్?"

"నేనూ తాగినోణ్ణే. నిన్ను ఊదమన్ననాటికి నేను మానేసి ఎక్కువ రోజులు గాలే. నీ వాసనకు నాకూ తాగాలనిపించింది. డ్యూటీ దిగి ఇంటికి పోకుండ సక్కగ ఈడికే వచ్చిన."

"నా నౌకరి మీద కొట్టిండ్రు గద సార్."

"అవ్. గట్ల రాయకపోతే నువ్వు డంపర్ ఎక్కుదువు." ఆయన గొంతు పెంచలేదు. "తిట్టాలనుంటే తిట్టు. లోపల కూసోని తిట్టు."

అన్న చాలాసేపు చెప్పులు విడవకుండా నిలబడ్డాడు. తర్వాత విడిచాడు.

లోపల మరో నలుగురు చేరారు. నన్నూ కూర్చోమన్నారు. ఒక్కొక్కరే మాట్లాడారు. అన్న వంతు వచ్చినప్పుడు నేల చూస్తూ మొదలుపెట్టాడు. "పొద్దుగాల లేస్తే చేతులు వణుకుతయ్. తాగితేనే ఆగుతయ్. ఒకనాడు నా చేతుల గిలాస చూసి మా చిన్నబిడ్డ మూలకు నక్కింది. నేను ఎన్నడు కొట్టలే. అయినా నక్కింది." ఎవరూ ఓదార్చలేదు. పక్కాయన మంచినీళ్ల సీసా ఇచ్చాడు. వదిన ఇల్లు విడిచి ఎందుకు వెళ్లిందో నాకు ఆ రోజే అర్థమైంది.

మానేటప్పుడు వచ్చే వణుకుకీ కలవరింతలకీ డాక్టరమ్మ అన్నను కొన్నాళ్లు దవాఖానాలోనే ఉంచింది. సారు వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. తర్వాత అన్న ప్రతి ఆదివారం షెడ్డుకు వెళ్లాడు. ఒకసారి పెళ్లిలో తాగాడు. ఆ సంగతి తనే వెళ్లి వాళ్లకు చెప్పుకున్నాడు. మళ్లీ ముట్టలేదు. అన్న మానాడని నేను వదినకు ఫోన్ చేసి చెప్పాను. "గిట్ల ఎన్నిసార్లు విన్న," అని పెట్టేసింది. ఆమెను తప్పుపట్టలేకపోయాను.

లివర్ మాత్రం బాగుపడలేదు. చలికాలంలో అన్న నెత్తురు కక్కుకున్నాడు. ఖమ్మం తీసుకెళ్తుంటే, కొత్తగూడెం దాటాక అంబులెన్స్‌లోనే ప్రాణం పోయింది. నా చేయి పట్టుకునే ఉన్నాడు.

క్వార్టర్ల ముందు జనం, తాగి తాగి పోయిండని నాకు వినబడేలాగే అనుకున్నారు. సారూ షెడ్డువాళ్లూ గోడవారగా నిలబడి, శవాన్ని ఎత్తేటప్పుడు ముందుకొచ్చి పాడెకు భుజం పట్టారు.

కబురు అంది పిల్లలతో వచ్చిన వదిన, అందరూ వెళ్లిపోయాక నన్ను అడిగింది. "చివరిదాక తాగిండా?"

"లేదు వదినె. మానిండు. ఆర్నెల్లు దాటింది."

"మరి నేనున్నప్పుడు ఎందుకు మానలే?"

లోపల చిన్నది ఆకలని ఏడుస్తోంది. వదిన లేచి, బియ్యం డబ్బా ఎక్కడుందని అడిగింది.