ముందు భుజాలెగరెయ్ అన్న మా రఘన్న

పాత తాడుకు కొత్త తొడుగు వేసి మనిషిని పైకి ఎక్కించారు. ఎక్కించింది మా కంపెనీ. వేయించింది మా మేనేజర్. ఆ తాడు తెగి నిన్న పొద్దున మా రఘన్న చనిపోయాడు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్నటి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్లూ అడిగింది ఒకటే. "ఎక్కడ దూకిండు? దుబాయ్‌లనా?"

జగిత్యాల నుంచి సుజాత వదిన కూడా అదే అడిగింది.

"తమ్మీ, ఆ రెక్కల సూటు ఏసుకున్నడా?"

"లేదు వదినా. డ్యూటీల ఉన్నడు."

ఆమె ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. పెళ్లయినప్పటి నుంచి ఆకాశాన్ని చూసి భయపడిన మనిషి ఆమె. భర్త ఇక్కడ సౌదీలో, అల్ ఖోబర్‌లో ఒక బిల్డింగ్ టెర్రస్ అంచున ఏసీ యూనిట్ బిగిస్తూ పోతాడని ఎప్పుడూ అనుకోలేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. రఘన్న మా మెయింటెనెన్స్ కంపెనీలో, ఎత్తు మీద పనిచేసే టీమ్‌కు ఫోర్‌మన్. సెలవు దొరికితే దుబాయ్ వెళ్లి విమానంలోంచి దూకేవాడు. మొదట మామూలు పారాషూట్. ఏళ్లు గడిచి, వందల జంపులు అయ్యాక వింగ్‌సూట్. చేతుల కింద, కాళ్ల మధ్య గుడ్డ రెక్కలుండే సూటు.

దాన్ని ఉతికి మేముండే లేబర్ క్యాంపు డాబా మీద ఆరేస్తే చాలు, చుట్టూ సెల్ఫీలు.

"గాల్ల ఎట్లుంటదన్నా?" అని అడిగా ఒకసారి.

"ఆరేసిన లుంగీకి గాలొస్తే పొట్ట ఉబ్బుతది సూడు. గా లుంగీవి నువ్వే అనుకో."

ఆయన్ని పిచ్చోడనుకున్నవాళ్లే ఎక్కువ. అంత జాగ్రత్త మనిషిని నేను మాత్రం ఇంకెక్కడా చూడలేదు.

వింగ్‌సూట్‌తో ఒక చిక్కుంది. పారాషూట్ బ్యాగు పట్టీలు తొడల చుట్టూ బిగించుకోవాలి. సూటు జిప్ వేశాక అవి లోపల దాక్కుంటాయి. పట్టీ బిగించడం మర్చిపోయినా, సూటు బిగుతుకే అన్నీ పట్టుకున్నట్టు అనిపిస్తుంది.

అందుకే భుజాలు పైకి ఎగరేసి చూసుకుంటారు. తొడ దగ్గర గుంజితే పట్టీ ఉన్నట్టు. గుంజకపోతే...

ఒకసారి విమానం పైకి వెళ్లాక రఘన్నకు అనుమానం వచ్చింది. భుజాలెగరేశాడు. ఎడమ తొడ గుంజింది. కుడి తొడ గుంజలేదు.

మిగతావాళ్లంతా దూకేశారు. ఈయన పైలట్‌తో పాటు విమానంలోనే కిందికి దిగొచ్చాడు.

క్యాంపులో ఎంత ఆడుకున్నామో! "ఏందన్నా, టికెట్ వెట్టి పోయి దూకకుంట వస్తివి?"

"నా జంపులన్నిట్ల మంచిది గదే రా," అన్నాడు. నవ్వలేదు.

ఆ తర్వాత సైట్‌లో అదే రూల్ అయింది. నడుముకు, తొడలకు బిగించే సేఫ్టీ బెల్టులు వేసుకుని వరసగా నిలబడాలి, భుజాలెగరెయ్యాలి. మా జగిత్యాలోళ్లు, బంగ్లా వాళ్లు, పఠాన్ భాయ్‌లు, అందరూ. అచ్చం పెళ్లి బరాత్!

మేనేజర్ కారు దిగి, "యే క్యా నాచ్‌గానా హై?" అని అరిచాడు ఓసారి. రఘన్న ఆయన ముందు కూడా భుజాలెగరేసి, "సేఫ్టీ, సాబ్," అన్నాడు. పొగరు అనుకుని రఘన్నకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు.

నేనేమో కరపత్రాలు చదివి ఊగిపోయే రకం. కార్మికుడి ప్రాణం యజమాని సొత్తు కాదు అని మొదలుపెట్టానో లేదో, రఘన్న నా బెల్టు తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. "లీడరూ, ఉపన్యాసం తర్వాత. ముందు భుజాలెగరెయ్."

బయటి దేశపు పనివాళ్ల మీద సర్కారు వేసే పన్ను, ఆ లెవీ, పెరిగినప్పటి నుంచి కంపెనీ దగ్గర అన్నిటికీ ఒకటే జవాబు. సౌదీ వాళ్లకే ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ రూల్ అంటూ సగం టీమ్‌ను ఎగ్జిట్ కొట్టి ఇండ్లకు పంపేశారు. తాళ్లు మార్చమంటే లెవీ. గ్లోవ్స్ అడిగితే లెవీ. గట్టిగా మాట్లాడితే, ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్ మీద బెదిరింపు, "ఇకామా రెన్యూ కావాలా వద్దా?"

పోయిన వారం రఘన్న ఆ తాడును పక్కన పడేసి, వాడొద్దని గుర్తుగా ఎర్ర పెయింట్ పూశాడు. మేనేజర్ స్టోర్‌కు చెప్పి దాని మీద కొత్త తొడుగు ఎక్కించాడు. నిన్న దాన్నే పైన కట్టించాడు.

రఘన్న ఎప్పటిలాగే భుజాలెగరేసి పైకెళ్లాడు. బెల్టు ఆగింది. హుక్ ఆగింది. తాడు ఆగలేదు. తొడుగు లోపల ఏముందో ఆయనకు కనబడలేదు.

ఇప్పుడు మేనేజర్ మాట వినండి. "స్టంట్‌మ్యాన్ థా నా. హుక్ నహీ లగాయా హోగా."

పెట్టుకున్నాడు సాబ్. కింద మేం ఆయన దగ్గరికి పరుగెత్తినప్పుడు హుక్ మూసే ఉంది. అందులో తెగిన తాడు ముక్క ఉంది. తొడుగు జారిన చోట ఆయన పూసిన ఎర్ర పెయింటే ఉంది.

రేపు బిల్డింగ్ వాళ్ల సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ క్యాంపుకు వస్తున్నాడు. హుక్ పెట్టుకోలేదని ఆయన రాసుకుపోతే, రఘన్న తన తప్పుతోనే పోయినట్టు. ఆయన బిడ్డ పెద్దయ్యాక, మా నాయన ఏమరుపాటున పోయిండు అనుకుంటూ బతుకుతుంది. ఏ ఒక్కరోజూ ఏమరని మనిషి గురించి!

ఇకామా భయం నాకూ ఉంది. అయినా చూసింది చూసినట్టు చెప్తా. నాతో పాటు చూసినవాళ్లు ఇది చదువుతున్నారని నాకు తెలుసు.

అన్నా, ఇక పట్టీలు మేం చూసుకుంటాం. నువ్వు నిమ్మళంగా ఉండు. నీ చుట్టూ గాలి చల్లగా, మెల్లగా వీచాలె.

రేపు సాయంత్రం ఐదు గంటలకు, మెస్ ముందు. నినాదాలొద్దు, బ్యానర్లొద్దు. ఎవరి బెల్టు వాళ్లు వేసుకుని రండి. ఇన్‌స్పెక్టర్ ఎదుట వరసగా నిలబడదాం.

ఉపన్యాసం తర్వాత. ముందు భుజాలెగరేద్దాం.